చెరువును పూడ్చే ముందు పక్కనున్న గుంటల్ని చూడండి

ఈ మధ్య దోమల బెడద మీద పెట్టిన ఒక సమావేశానికి వెళ్లాను. ఫాగింగ్ యంత్రం వారానికి ఎన్నిసార్లు రావాలన్న చర్చ కాసేపు నడిచాక ఒక పెద్దాయన లేచి, "అసలు ఆ చెరువు ఉన్నంతకాలం మనకీ బాధ తప్పదు. పూడ్చేయమని అర్జీ పెడదాం" అన్నారు. చాలామంది తలూపారు. "ఆ చెరువులో దోమ పిల్లలు ఉన్నాయో లేదో ఎవరైనా చూశారా అండీ?" అని అడిగాను. "నీళ్లున్నచోట దోమలుండవా?" అన్నారాయన, ఇందులో చూడాల్సిందేముంది అన్నట్టు.

ఆయన మీద కోపంతో ఇది రాయడం లేదు. దోమ పిల్లలు పెరిగేది నీళ్లలోనే కాబట్టి ఆయన మాటలో సగం నిజం ఉంది. కానీ ఆ సగం నిజాన్ని నమ్ముకుని మనం చెరువులు పూడుస్తున్నాం, మడుగులు ఎండగడుతున్నాం, కాలువల్లో మందు పోస్తున్నాం, సాయంత్రాలు పొగ పెడుతున్నాం. దోమలు మాత్రం తగ్గడం లేదు. ఒక చోట నీళ్లు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి అక్కడ దోమలు పుడతాయో లేదో చెప్పలేం. ఆ నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి, వాటిని పట్టి ఉంచిన నేల ఎలాంటిది, అందులో ఇంకేం బతుకుతున్నాయి అన్నవి చూడాలి. ఇవేవీ చూడకుండా దోమల మీద పెట్టే ఖర్చులో చాలా భాగం వృథా అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ నమ్మకం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో కూడా ఇక్కడే చెప్పుకుంటాను.

నేల ఎంత తాగుతుంది, ఎన్నాళ్లు ఆపుతుంది

గుడ్డు దశ నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా దోమకు వెచ్చటి వాతావరణంలో సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. చలి పెరిగేకొద్దీ అది రెండు మూడు వారాలకు సాగుతుంది. ఒక గుంట నాలుగు రోజుల్లో ఇంకిపోయిందంటే అందులో ఎన్ని గుడ్లు పొదిగినా లార్వాలన్నీ, అంటే నీళ్లలోని దోమ పిల్లలన్నీ, ఎండి చచ్చిపోతాయి. అదే గుంటలో పన్నెండు రోజులు నీళ్లుంటే ఒక తరం మొత్తం ఎగిరిపోతుంది. రెండు గుంటల మీదా పడింది ఒకే వాన. తేడా అంతా అడుగున ఉన్న మట్టిది.

సాగునీటి ఇంజినీర్లు వాడే మామూలు అంకెలు చూడండి. ఇసుక నేల గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. ఇసుక, ఒండ్రు, బంక తగుపాళ్లలో కలిసిన నేల 10 నుంచి 20 దాకా తాగుతుంది. బంకమట్టి 1 నుంచి 5 మాత్రమే. 10 సెంటీమీటర్ల లోతు నీళ్లు ఇసుకలో మూడు నాలుగు గంటల్లో మాయమవుతాయి. బంకమట్టిలో ఒకటి నుంచి నాలుగు రోజులు. అలాగైతే బంకమట్టిలో కూడా దోమకు టైము చాలదు కదా అనిపిస్తుంది. మామూలు బంకమట్టి అయితే నిజంగానే చాలదు. తొక్కిన బంకమట్టి సంగతి వేరు.

వరి రైతు మడిలో నీళ్లు పెట్టి దమ్ము చేసేది ఎందుకు? మట్టి రేణువుల మధ్య సందులు పూడిపోయి, కింద ఒక గట్టిపొర ఏర్పడి, నీళ్లు ఇంకకుండా నిలబడాలని. బాగా దమ్ము చేసిన బరువు నేలలో నీళ్లు కిందికి దిగేది 1 నుంచి 5 మిల్లీమీటర్లు. ఇది గంట లెక్క కాదు, రోజు మొత్తానికి అంతే. రైతు కావాలని చేసే ఈ పనిని పశువుల గిట్టలు, ట్రాక్టరు చక్రాలు, లారీలు ఎవరూ అడగకుండానే చేసేస్తాయి. రోజుకు 3 మిల్లీమీటర్లు ఇంకి, 5 మిల్లీమీటర్లు ఆవిరైపోయినా, 10 సెంటీమీటర్ల నీళ్లు అలాంటి గుంటలో పన్నెండు రోజులు ఉంటాయి. మధ్యలో ఒక్క జల్లు పడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

సమావేశం అయ్యాక ఒక పొద్దున తెల్లటి ప్లాస్టిక్ గిన్నె పట్టుకుని ఆ చెరువు దగ్గరికి, దాని పక్కనే ఇల్లు కడుతున్న జాగాలోకి వెళ్లాను. తెల్లదే ఎందుకంటే లార్వాలు అందులో బాగా కనిపిస్తాయి. దోమల సర్వే చేసేవాళ్లు వాడే గరిటె కూడా తెల్లదే. మట్టి తోలిన లారీలు తిరిగి తిరిగి ఆ జాగాలో లోతుగా గాడి పడింది. అడుగున జిగట మట్టి నున్నగా బిగిసిపోయి ఉంది. దాని మీద నాలుగు వేళ్ల లోతు బురద నీళ్లు. గిన్నె ముంచి కదపకుండా పట్టుకున్నాను. మట్టి కిందికి పేరుకునేసరికి పైన లార్వాలు తేలాయి. నీటి మట్టానికి సమాంతరంగా పడుకుని ఉన్నవి మలేరియా మోసే అనాఫిలిస్ రకం. తోక పైకి, తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడుతున్నవి బోదకాలు, మెదడువాపు మోసే క్యూలెక్స్ రకం. గిన్నె మీద నా నీడ పడగానే అన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. ఆ గాడికి కాస్త అవతల, ఇసుక పోసిన చోట అంతే లోతున్న గుంటలో చుక్క నీరు లేదు.

చెరువులో గట్టు పక్కన ఎన్నిసార్లు ముంచినా తోకకప్పలు, చేపపిల్లలు, తూనీగ పిల్లలే వచ్చాయి. ఒక మూల మాత్రం, గడ్డి నీళ్లలోకి వాలి చెత్త చేరిన చోట, కొన్ని లార్వాలు దొరికాయి. ఆ మూల సంగతి తర్వాత చెప్తాను.

నల్లరేగడి విషయం మరీ విచిత్రం. అది ఎండినప్పుడు బీటలు వారుతుంది. తొలకరి వాన ఎంత పడినా ఆ బీటల్లోకి జారిపోతుంది, పైన గుంటలు కట్టవు. తడిసిన కొద్దీ మట్టి ఉబ్బి బీటలు మూసుకుంటాయి. ఆ తర్వాత వచ్చే చిన్న వాన కూడా పైనే నిలిచిపోతుంది. కాబట్టి ఇలాంటి నేలల్లో వాన ఎంత పడిందన్న అంకె ఒక్కటే చూసి దోమల కాలం ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేం. నేల అప్పటికే ఎంత తడిసి ఉందో కూడా తెలియాలి. వాతావరణ సూచనతో పాటు నేలలో తేమ ఎంతుందో కూడా ఆరోగ్య శాఖ వాళ్లు చూస్తే బాగుంటుందని నాకనిపించేది ఇందుకే.

ఎండిన మట్టిలో దాచిన గుడ్లు

అన్ని దోమలూ నీళ్ల మీదే గుడ్లు పెట్టవు. ఈ ఒక్క విషయం తెలిస్తే మన ఆలోచన చాలా మారుతుంది. క్యూలెక్స్ గుడ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని తెప్ప కట్టి తేలతాయి. అనాఫిలిస్ ఒక్కొక్క గుడ్డే నీళ్ల మీద వదులుతుంది. డెంగీ మోసే దోమ చేరిన ఏడిస్ రకంలో చాలా జాతుల పద్ధతి వేరు. అవి నీళ్ల అంచున తడిగా ఉన్న చోట, కొన్ని నేరుగా తడి మట్టి మీద గుడ్లు పెడతాయి. మట్టి ఎండినా గుడ్డు చావదు. నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ వరద వచ్చి మునిగాక పొదుగుతుంది. మునిగిన మట్టిలో సూక్ష్మజీవులు పెరిగి నీళ్లలో ఆక్సిజన్ తగ్గడమే చాలా జాతుల్లో గుడ్డు పగలడానికి సంకేతం. అంటే నీళ్లు వచ్చాయన్న కబురును గుడ్డుకు చేరవేసేది కూడా కొంతవరకు మట్టే.

దీనికి అన్నింటికన్నా పెద్ద ఉదాహరణ తూర్పు ఆఫ్రికాలోని డాంబోలు. ఇవి గడ్డి మైదానాల్లో ఉండే లోతు తక్కువ పల్లపు నేలలు. ఏళ్ల తరబడి పొడిగా, పశువులు మేసే బయళ్లుగా ఉంటాయి. వాటి మట్టిలో ఏడిస్ గుడ్లు విత్తనాల గాదెలో గింజల్లా నిలవ ఉంటాయి. కొన్ని గుడ్లలో తల్లి నుంచి వచ్చిన రిఫ్ట్ వ్యాలీ జ్వరం వైరస్ కూడా ఉంటుంది. 1997-98లో పసిఫిక్ సముద్రం వేడెక్కి వచ్చే ఎల్ నినో వానలకు ఆ పల్లాలు మునిగినప్పుడు తూర్పు ఆఫ్రికాలో ఆ జ్వరం భారీగా వ్యాపించి పశువుల్నీ మనుషుల్నీ చంపింది. 2006-07లో మళ్లీ వచ్చింది. ఆ రెండోసారి సముద్రపు వేడి, వానలు, ఉపగ్రహాలకు కనిపించే పచ్చదనం కలిపి చూసి ముప్పును ముందే అంచనా వేయగలిగారు. వైరస్ జాడ దొరక్క ముందే, నేల ఎప్పుడు ఎంతకాలం మునిగి ఉండబోతోందన్న దాన్నుంచి హెచ్చరిక వచ్చింది.

సముద్రతీరపు చిత్తడి నేలల్లోనూ ఇంతే. రోజూ పోటు నీరు ముంచెత్తే పల్లపు బురదలో ఉప్పునీటి ఏడిస్ దోమలు పెద్దగా పుట్టవు. నెలలో కొద్దిసార్లు, పెద్ద పోటు వచ్చినప్పుడు మాత్రమే నీళ్లందే ఎగువ బురదలో పుడతాయి. అమెరికా తూర్పు తీరంలో మొదట ఈ చిత్తడి నేలలన్నిటినీ వరుస కాలువలు తవ్వి ఎండగట్టాలని చూశారు. 1960ల తర్వాత న్యూజెర్సీలో వేరే దారి పట్టారు. దోమలు పుట్టే గుంటలు ఏవో గుర్తించి, వాటిని మాత్రం లోతు నీళ్లతో కలిపి, చేపలు అక్కడిదాకా వెళ్లేలా చేశారు. చిత్తడి నేల మిగిలింది, దోమలు తగ్గాయి. నేను కోరుకునే పద్ధతి అచ్చంగా ఇలాంటిదే.

ఎండ, ఉప్పు, మురికి

"మురికి నీళ్లలో దోమలు పుడతాయి" అన్నది ఇంకో సగం నిజం. క్యూలెక్స్ క్వింక్విఫేసియాటస్ విషయంలో అది పూర్తి నిజం. సెప్టిక్ ట్యాంకు, కుళ్లిన ఆకులు నానిన గుంట, మురుగుకాలువ దానికి ఇష్టమైన చోట్లు. మన దేశంలో బోదకాలు వ్యాధిని మోసేది ప్రధానంగా అదే. దాన్ని పట్టుకోవడానికి పెట్టే ఉచ్చుల్లో ఎరగా వేసేది కూడా గడ్డి కుళ్లబెట్టిన నీళ్లే. మలేరియా దోమల్లో చాలావాటికి మాత్రం అలాంటి నీళ్లు పడవు. ఆఫ్రికాలో మలేరియాను ఎక్కువగా మోసే అనాఫిలిస్ గాంబియేకి కావలసింది ఎండ బాగా పడే చిన్న గుంట. గిట్ట దిగబడిన గుర్తు, చక్రపు గాడి, ఇటుకల కోసం మట్టి తీసిన గొయ్యి దానికి చాలు. ఎండకు నీళ్లు వేడెక్కి లార్వా త్వరగా ఎదుగుతుంది, దానికి తిండి అయిన నాచు పెరుగుతుంది, గుంట కొత్తది కాబట్టి శత్రువులు ఇంకా వచ్చి చేరవు.

ఎండా నీడా ఎంత తేడా తెస్తాయో డాక్టరు మాల్కమ్ వాట్సన్ అనుభవం చెబుతుంది. 1901లో మలయా (ఇప్పటి మలేసియా) తీరంలోని క్లాంగ్, పోర్ట్ స్వెట్టెన్‌హామ్ ప్రాంతాల్లో ఆ డాక్టరు చిత్తడి అడవి కొట్టించి, కాలువలు తవ్వించి నీళ్లు తీయించాడు. మలేరియా బాగా తగ్గిపోయింది. అక్కడి దోమ అనాఫిలిస్ అంబ్రోసస్, అడవి నీడలోని నీళ్లలో పెరిగేది. నీడ పోవడంతో అదీ పోయింది. కొండల్లోని తోటల్లో మాత్రం చెట్లు నరికేసరికి జ్వరాలు పెరిగాయి. నీడలో ఉన్న వాగుల మీద ఎండ పడగానే, ఎండలోని ఊట నీళ్లను ఇష్టపడే అనాఫిలిస్ మాక్యులేటస్ వచ్చి చేరింది. చివరికి కొండ లోయల్లో ఊట నీళ్లను భూమి లోపల పాతిన గొట్టాల్లోకి మళ్లించాల్సి వచ్చింది. ఒకే దేశం, ఒకే డాక్టరు, పని కూడా దాదాపు ఒకటే. నేల వాలు మారి, నీళ్ల తీరు మారేసరికి ఫలితం తలకిందులైంది. ఈ ఒక్క ఉదంతం చదివినవాళ్లు ఎవరూ "ఎక్కడైనా ఇదే మందు" అనరని నా నమ్మకం.

ఉప్పు కూడా అంతే. ఐరోపాలో అనాఫిలిస్ దోమలు విపరీతంగా ఉన్నా మలేరియా లేని ప్రాంతాలు చాలా ఉండేవి. ఎందుకో చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు. 1920ల్లో ఇటలీలో డొమెనికో ఫల్లెరోని ఆ దోమల గుడ్ల మీది చారలు ఒకేలా లేవని గమనించాడు. ఒకే జాతి అనుకున్నది నిజానికి అనేక జాతులని అలా బయటపడింది. మంచినీళ్లలో పెరిగే మెస్సే అనే జాతి ఎక్కువగా పశువుల్నే కుడుతుంది. తీరాల దగ్గర కాస్త ఉప్పగా ఉండే నీళ్లను తట్టుకునే లాబ్రాంకే, అట్రోపార్వస్ జాతులు మనుషులకు మలేరియా అంటించేవి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఏ నీళ్లలో పుట్టిందన్నదే అసలు తేడా.

ఆడదోమ గుడ్లు పెట్టే చోటును వెతుక్కునేది ఎక్కువగా వాసన పట్టి, తేమ పట్టి. 2015లో కెన్యాలో పనిచేసిన శాస్త్రవేత్తలు మట్టి నానిన నీళ్లలోంచి వచ్చే సెడ్రాల్ అనే పదార్థం గుడ్లు పెట్టబోయే గాంబియే దోమల్ని లాగుతుందని చూపించారు. తర్వాత అది తుంగ దుంపల మీద పెరిగే శిలీంధ్రాల నుంచి కూడా వస్తుందని తేలింది. పొలం గట్ల మీద పీకి పారేసే తుంగ! లార్వాకు తిండి కూడా చుట్టుపక్కల నేలలోంచే వస్తుంది. ఇథియోపియాలో మొక్కజొన్న చేల పక్క గుంటల్లో, గాలికి రాలిన పుప్పొడి తిని లార్వాలు బాగా బలిసినట్టు గమనించారు. ఇంత వివరం మనకెందుకు అనుకోవచ్చు. గుంట పక్కన ఏం పండుతోంది, ఏ గడ్డి మొలిచింది అన్నవి కూడా దోమ లెక్కలోకి వస్తాయని తెలిశాక, గుంటను చూసే కన్నే మారిపోతుంది. నాకు మారింది.

చెరువు ఎంతవరకు దోషి

ఎప్పుడూ నీళ్లుండే లోతైన చెరువులో దోమ లార్వా బతకడం కష్టం. చేపలు తింటాయి, తూనీగ పిల్లలు తింటాయి, వెల్లకిలా ఈదే నీటి పురుగులు తింటాయి. ఆ నీటి పురుగుల వాసన తగిలితే గుడ్లు పెట్టకుండా వెళ్లిపోయే దోమ జాతులు కూడా ఉన్నాయి. గాలికి అలలు లేస్తే లార్వా నీటి మట్టానికి అంటుకుని ఊపిరి పీల్చుకోవడమే కష్టమవుతుంది. చెరువును పూడిస్తే ఈ వేటగాళ్లు పోతారు. పూడ్చడానికి తెచ్చిన మట్టి మీద లారీలు తిరిగి గాళ్లు పడతాయి. ఒకప్పుడు చెరువులోకి పోయిన వాన నీళ్లు ఇప్పుడు ఆ గాళ్లలో నిలుస్తాయి. దోమలు తగ్గించాలని మొదలుపెట్టిన పని దోమలకే మేలు చేస్తుంది.

అయితే చెరువు పూర్తిగా నిర్దోషి అనను. నాకు లార్వాలు దొరికిన ఆ మూలను చూడండి. గడ్డి నీళ్లలోకి వాలితే దాని మధ్యలోకి చేపలు దూరలేవు, అల తగలదు, నీళ్లు కదలవు. చెరువు అంతటి చోట దోమ పుట్టే చోటు ఆ అంచే. గుర్రపుడెక్క, అంతరతామర కమ్మేసిన చెరువైతే ఇంకో ముప్పు ఉంది. మాన్సోనియా అనే దోమ జాతి లార్వాలు గాలి కోసం పైకి రావు. శ్వాస గొట్టాన్ని ఆ మొక్కల వేళ్లలోకి గుచ్చి అక్కడి గాలి పీలుస్తాయి. నూనె చల్లినా వాటికేం కాదు, మొక్కల్ని తీసేస్తేనే పోతాయి.

అమెరికాలో టెన్నెస్సీ లోయలో పెద్ద పెద్ద జలాశయాలు కట్టినప్పుడు మలేరియా భయం వెన్నంటే వచ్చింది. అక్కడి ఇంజినీర్లు దోమల కాలంలో జలాశయపు నీటి మట్టాన్ని కొద్దిగా తగ్గిస్తూ, పెంచుతూ వచ్చారు. మట్టం తగ్గినప్పుడు అంచు గడ్డిలోని లార్వాలు కొన్ని ఒడ్డున ఎండిపోయేవి, మిగిలినవి గడ్డి లేని నీళ్లలోకి వచ్చి చేపలకు దొరికేవి. జలాశయం అలాగే ఉంది, అంచు సంగతి మాత్రం చూసుకున్నారు.

నీళ్లు తగ్గితే దోమలు తగ్గుతాయన్న నమ్మకానికి గట్టి ఎదురుదెబ్బ శ్రీలంకలో 1934-35లో తగిలింది. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మామూలుగా నిండుగా పారే నదులు ఇసుకలో అక్కడక్కడ మడుగులుగా మిగిలిపోయాయి. పారే నీళ్లలో నిలవలేని అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ ఆ మడుగుల్లో విపరీతంగా పెరిగింది. మలేరియా దేశాన్ని కుదిపేసింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. నీళ్లు ఎక్కువై వచ్చిన జ్వరం కాదది. నీళ్లు తగ్గి, పారడం మానేసి, మడుగు కట్టడం వల్ల వచ్చింది.

వరి మడి దగ్గర నా లెక్క తడబడుతుంది

నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయన్నదే ముఖ్యం అంటున్నాను కదా, మరి నెలల తరబడి నీళ్లుండే వరి మడి సంగతేంటి? అక్కడ దోమలు పుడతాయి, కొన్నిచోట్ల చాలా ఎక్కువగా. నాట్లు వేసిన కొత్తలో ఎండ నేరుగా నీళ్ల మీద పడుతుంది కాబట్టి ఎండను ఇష్టపడే జాతులు వస్తాయి. పైరు ఎదిగి నీడ కమ్మాక ఆఫ్రికాలో అనాఫిలిస్ ఫ్యునెస్టస్ లాంటివి వాటి చోటు తీసుకుంటాయి. ఆసియాలో మెదడువాపు వ్యాధిని మోసే క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్‌కు వరి పొలమే పుట్టిల్లు. నత్రజని ఎరువు వేసిన తర్వాత లార్వాల సంఖ్య పెరిగినట్టు వరి పొలాల పరిశీలనల్లో కనిపించింది.

దీనికి రైతుల చేతిలో ఉన్న ఉపాయం ఆరుతడి. మడి ఎప్పుడూ నిండుగా ఉంచకుండా, నీళ్లు పెట్టి, ఇంకి నేల బయటపడేదాకా ఆగి, మళ్లీ పెట్టడం. నీళ్లు ఆదా అవుతాయి, లార్వాలు ఎండిపోతాయి. కాగితం మీద ఇది బంగారం లాంటి ఆలోచన. పొలంలో దిగితే నేల అడ్డం వస్తుంది. తేలిక నేలల్లో మడి రెండు మూడు రోజుల్లో ఆరుతుంది. దమ్ము చేసిన బరువు నేలలో నీళ్లు తగ్గినా పాదముద్రల్లో, పల్లపు మూలల్లో గుంటలు మిగిలిపోతాయి, లార్వాలు అక్కడ తలదాచుకుంటాయి. మడి చదునుగా లేకపోతే ఆరుతడి సగమే పనిచేస్తుంది. కాలువలో వంతు నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని రైతును మడి ఆరబెట్టమంటే టెన్షన్ పడకుండా ఎలా ఉంటాడు? పక్క మడి నీళ్లు తన మడిలోకి పారే పద్ధతిలో ఒక్కడే ఆరబెట్టుకోవడమూ కుదరదు. కాబట్టి ఆరుతడిని మంచి మార్గంగానే చూస్తాను, కానీ మడి చదును చేయడం, వంతు ఖాయంగా రావడం అన్న రెండు పనులు ముందు జరగకుండా దాన్ని రైతు మీద రుద్దడం సరికాదు.

మట్టి మాటే లేని దోమలు

నా వాదనకు అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇదీ: డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టైకి మట్టితో పనే లేదు. డ్రమ్ము, పూలకుండీ కింద పళ్లెం, పాత టైరు, కూలర్ చాలు. మలేరియా దోమల్లో అనాఫిలిస్ స్టీఫెన్సై కూడా అంతే. ఇంటిపై ట్యాంకుల్లో, బావుల్లో, కట్టడాల దగ్గర నిలవ చేసిన శుభ్రమైన నీళ్లలో పెరుగుతుంది. దక్షిణాసియా, అరేబియా ప్రాంతాల దోమగా పేరుపడ్డ ఇది 2012లో జిబౌటీలో కనిపించింది, 2016లో ఇథియోపియాలో. ఆఫ్రికా నగరాలకు అది తెచ్చిన భయం చిన్నది కాదు. నగరంలో మట్టి చూడమని చెప్పడం ఎవరికి ఉపయోగం?

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. సిమెంటు, ప్లాస్టిక్, రేకు అన్నవి అసలు నీళ్లు తాగని నేలలు. నీళ్లు ఇంకే దారి మూసేసిన కొద్దీ దోమకు రోజులు దొరుకుతాయి. రోజుల లెక్క ఇక్కడా పనిచేస్తుంది. వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి, గోడలకు అంటిన గుడ్లు పోయేలా రుద్ది కడిగితే దోమ రాదు. కానీ కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఇంట్లో డ్రమ్ము పారబోయమనడం అన్యాయం. అక్కడ కావలసింది బిగుతైన మూత, రోజూ వచ్చే నీళ్లు.

రెండో అభ్యంతరం దోమ తన అలవాట్లు మార్చుకోగలదన్నది. శుభ్రమైన గుంటల దోమ అనుకున్న గాంబియే జాతి లార్వాలు పశ్చిమ ఆఫ్రికా నగరాల్లో కలుషితమైన నీళ్లలోనూ దొరుకుతున్నాయి. కాబట్టి పుస్తకంలో ఉన్న ఇష్టాయిష్టాల పట్టికను నమ్ముకుని కూర్చోలేం. గిన్నె ముంచి చూడాల్సిందే, ఏటా చూడాల్సిందే.

మూడోది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే షరతు. లార్వాల దగ్గరే దోమల్ని ఆపే పని, అవి పుట్టే చోట్లు తక్కువగా, మారకుండా, వెతికితే దొరికేలా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుందని దాని సలహా. వానాకాలంలో పశువులు తిరిగే బయలంతా గిట్ట గుర్తులే. ప్రతి గుర్తులోనూ లార్వాలు ఉండొచ్చు. అక్కడ దోమతెరలు, ఇంటి గోడలకు మందు, జ్వరానికి వెంటనే పరీక్ష అన్నవే ముందు రావాలి. ఇది ఒప్పుకుంటాను. ఒప్పుకుంటూనే బ్రెజిల్‌ను గుర్తు చేస్తాను. 1930లో నాటాల్ దగ్గర ఆఫ్రికా అనాఫిలిస్ దోమ ఒకటి దిగింది, 1938లో ఘోరమైన మలేరియాకు కారణమైంది. అమెరికా ఆరోగ్య నిపుణుడు ఫ్రెడ్ సోపర్ నాయకత్వంలో వేల మంది గుంట గుంటా వెతికి మందు వేసి 1940 నాటికి దాన్ని అక్కడ లేకుండా చేశారు. ఎండపడే చిన్న గుంటల్లో, ఇళ్ల చుట్టుపక్కలే పుట్టే దోమ కావడం వాళ్లకు కలిసొచ్చింది. గుంటలు ఎక్కువైనంత మాత్రాన వెతకలేమని ముందే చేతులెత్తేయకూడదు.

పొగ కంటే ముందు గిన్నె

ఫాగింగ్ పొగ తగిలిన ఎగిరే దోమ చస్తుంది. నీళ్లలోని లార్వాకు, దాని తర్వాతి దశ అయిన ప్యూపాకు ఏమీ కాదు. ఆ సాయంత్రం ప్యూపాగా ఉన్నది మర్నాడో ఎల్లుండో ఎగురుతుంది. అంటువ్యాధి ముదిరినప్పుడు వ్యాధి మోస్తున్న దోమల్ని వెంటనే తగ్గించడానికి పొగ ఒక ఆయుధమే. దాన్నే ఏడాది పొడవునా నమ్ముకుంటే పుట్టే చోటు అలాగే ఉండిపోతుంది. నీళ్లలో వేసే మందులకూ నేల అడ్డొస్తుంది. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దొరికిన బీటీఐ బాక్టీరియా లార్వాలకు విషం, మిగతా జీవులకు దాదాపు హాని లేదు. కానీ బురద ఎక్కువున్న నీళ్లలో అది మట్టి రేణువులకు అంటుకుని అడుక్కి పోతుంది, కుళ్లు ఎక్కువున్న నీళ్లలో మోతాదు పెంచాలి. అన్ని గుంటలకూ ఒకే మోతాదు పోసి వెళ్లిపోతే కొన్నిచోట్ల అది మందు పోసినట్టే కాదు.

నేను అడిగేది పెద్ద పని కాదు. ఒక మనిషి, ఒక తెల్ల గిన్నె, ఒక నోటు పుస్తకం. వాన వెలిశాక మూడో రోజు తిరిగి, ఎక్కడెక్కడ నీళ్లు ఇంకా నిలిచి ఉన్నాయో రాయడం. ఆరో రోజు మళ్లీ తిరిగి, వాటిలో ఇంకా ఆరనివి ఏవో, అడుగున మట్టి ఎలాంటిదో, ఎండ పడుతోందా, లార్వాలు ఉన్నాయా అని చూడటం. ఇలా రెండు మూడు వానలకు చూస్తే ఎప్పుడూ ఆరని చోట్లు బయటపడతాయి. వాటిని కంకర, ఇసుక వేసి చదును చేయొచ్చు, చిన్న కాలువ తీసి పల్లానికి కలపొచ్చు, చెరువు మూలైతే గడ్డి కోసి గట్టు నిటారుగా చేయొచ్చు. కట్టడం చేసేవాళ్లు లారీ తిరిగే దారి మీద ముందే కంకర పరచాలన్న నిబంధన పెడితే సగం గాళ్లు పుట్టనే పుట్టవు. ఇవేవీ కుదరని చోట మాత్రమే మందు వేయాలి.

ఈ తిరుగుడు నెలకోసారి పెట్టుకుంటే మాత్రం ఫలితం ఉండదు. రెండు తనిఖీల మధ్య వారం దాటితే దోమకు ఒక తరం చేతికొస్తుంది. వెచ్చటి నెలల్లో వారానికి కనీసం ఒకసారి, వాన పడినప్పుడు పైన చెప్పిన మూడో రోజు, ఆరో రోజు. చలి కాలంలో రెండు వారాలకోసారి చాలు, అప్పుడు లార్వాకు కూడా అంత టైము పడుతుంది.